ఇన్‌స్ట్రక్టర్ అనుభవానికి విలువ కట్టండి

200 గంటల ఫ్లయింగ్ పూర్తిచేసి, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తెచ్చుకుని, ఎయిర్‌లైన్ పిలుపు కోసం ఎదురుచూసే కుర్రాడు ‘ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ (ఫ్లయింగ్ నేర్పడానికి కావాల్సిన అర్హత) చేస్తాను’ అంటే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. అన్ని లక్షలు పోసింది పాఠాలు చెప్పడానికా అంటారు. నేనైతే వీలుంటే తప్పకుండా చేయమంటాను.

అమెరికాలో దీనిమీద పెద్దగా చర్చే లేదు. 2009లో బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయాక చట్టం మారింది. 2013 నుంచి అక్కడ ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి కూడా సాధారణంగా 1,500 గంటలు కావాలి. చాలామంది ఆ గంటల్ని విద్యార్థుల పక్కన కూర్చుని, జీతం తీసుకుంటూ సంపాదిస్తారు. మన దగ్గర 200 గంటలతోనే ఎయిర్‌బస్‌లో కో-పైలట్‌గా ఎక్కే వీలుంది కాబట్టి ఈ పని చులకనైపోయింది.

నిజానికి గంటల లెక్క చిన్న లాభమే. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో స్టూడెంట్ ల్యాండింగ్‌కి వస్తున్నాడు, రన్‌వే మీదికొచ్చేసింది, ముక్కు ఇంకా ఎత్తలేదు. వెంటనే కంట్రోల్స్ లాక్కుంటే అతను ఎప్పటికీ నేర్చుకోడు. ఇంకొంచెం ఆగితే విమానం నేలకు గుద్దుకుంటుంది. ఎంతవరకు నోటితో చెప్పాలి, ఎప్పుడు ‘ఐ హావ్ కంట్రోల్’ అనాలి? ఇన్‌స్ట్రక్టర్ ఇది ప్రతి సార్టీలోనూ (విమానం ఎక్కిన ప్రతిసారీ) తేల్చుకోవాలి. రేపు కెప్టెన్ అయ్యాక, కొత్త కో-పైలట్ వానలో విమానం దింపుతుంటే చేయాల్సిందీ ఇదే. సిమ్యులేటర్‌లో ఇది పూర్తిగా పట్టుబడదు, అక్కడ నేల నిజం కాదు.

ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండిపోతే ఎయిర్‌లైన్‌లో సీనియారిటీ పోతుందన్న వాదనలో బలముంది. ఎయిర్‌లైన్‌లో చేరిన తేదీని బట్టే ప్రమోషన్ వస్తుంది. ఉద్యోగం చేతిలో ఉంటే వెళ్లండి, కాదనను. కానీ ఆ ఉద్యోగం రాక, విమానం ముట్టుకోకుండా ఏళ్లు గడిపేవాళ్ల సంగతేమిటి? చేయి మొద్దుబారుతుంది, ఇంటర్వ్యూ నాటికి ధైర్యం ఉండదు.

అసలు జబ్బు మన సమాజంలోనే ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలోనైనా, నర్సింగ్ స్కూల్లోనైనా, వేరే ఉద్యోగం దొరకనివాళ్లే పాఠం చెబుతారని తీర్మానించేశాం. జీతాలూ అలాగే ఇస్తున్నాం. ఫ్లయింగ్ స్కూళ్లకు అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు దొరకడం లేదంటే ఆశ్చర్యమేముంది?

వందల విమానాలకు ఆర్డర్లిచ్చిన ఎయిర్‌లైన్స్ ముందు సెలెక్షన్‌లో ఇన్‌స్ట్రక్టర్ గంటలకు విడిగా మార్కులివ్వాలి. రెండేళ్లు నేర్పి వచ్చినవాళ్లకు సీనియారిటీలో కొంతైనా కలపాలి.