గోడకు ఆనించి తిప్పిన ల్యాపు

(2024 నవంబరు మొదటి వారం. నార్త్ కరోలినాలో షార్లెట్ పక్కనున్న కాంకర్డ్. ఈ చుట్టుపక్కలంతా నాస్కార్ అనే అమెరికా కారు రేసుల్లో ఆడే టీములు కార్లు కట్టుకునే షాపులే. మనవాళ్లకు కూడా ఆ పిచ్చి మెల్లగా అంటుకుంటుంది. బావ సుధాకర్ స్ట్రక్చరల్ ఇంజనీరు, బావమరిది వంశీ ఆదివారం రేసు తప్పనివాడు. మార్టిన్స్‌విల్ రేసులో గోడ వెంట వచ్చినందుకు డ్రైవర్ క్రిస్టఫర్ బెల్‌కు ఆ ఆదివారమే పెనాల్టీ పడింది. బల్ల మీద దీపావళి లడ్డూలు ఇంకా మిగిలే ఉన్నాయి.)

వంశీ: ఈ పెనాల్టీ అంతా డ్రైవర్ రాస్ చాస్టెయిన్‌ని చూసి నాస్కార్‌వాళ్లు భయపడి చేసిన పని బావా. 2022 అక్టోబరు 30, ఇదే ట్రాక్. చాంపియన్‌ని తేల్చే ఆఖరి రేసుకు, అదే ఫైనల్‌కు వెళ్లాలంటే అతనికి ఇంకో రెండు స్థానాలు కావాలి, మిగిలింది రెండు మలుపులు. అందరూ బ్రేకు తొక్కే చోట ఐదో గేరు వేసి, కారును బయటి గోడకు ఆనించి, యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తకుండా పోనిచ్చాడు. పదో స్థానంలో ఉన్నవాడు ఐదోవాడిగా గీత దాటాడు. ల్యాపు టైం, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టింది, 18.845 సెకన్లు. ఆ ట్రాక్ మీద కప్ (నాస్కార్‌లో అన్నిటికన్నా పై సిరీసు) కారు ఏదీ అంత వేగంగా తిరగలేదు. జనవరి వచ్చేసరికి, ఇంకోసారి ఎవరైనా చేస్తే పెనాల్టీ అన్నారు. కొత్త రూలు కూడా రాయలేదు, ఉన్న భద్రతా రూలునే వాడతామన్నారు.

సుధాకర్: మంచి పని చేశారు. స్టీరింగ్ దాదాపు వదిలేశానని అతనే చెప్పాడు. చిన్నప్పుడు వీడియో గేమ్‌లో చేసేవాణ్నని కూడా చెప్పాడు. గోడలో ఎక్కడైనా అంచు పైకి లేచి ఉంటే ఏమయ్యేది?

వంశీ: లేచి లేదు కదా. దిగి నడిచొచ్చాడు.

సుధాకర్: ఎలా నడిచొచ్చాడో చెప్పనా? 2000 మేలో న్యూ హ్యాంప్‌షైర్ ట్రాక్‌లో ఆడమ్ పెటీ పోయాడు, పంతొమ్మిదేళ్ల కుర్రాడు. రెండు నెలలు తిరక్కముందే అక్కడే కెన్నీ ఇర్విన్. అక్టోబరులో టెక్సస్‌లో టోనీ రోపర్. 2001 ఫిబ్రవరి 18న డేటోనా చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ అంతటివాడు. బెల్టు ఒంటిని ఆపుతుంది, తలను ఆపదు. తల ముందుకు విసురుకుపోయి పుర్రె అడుగుభాగం చిట్లుతుంది. దానికి విరుగుడు అప్పటికే మార్కెట్లో ఉంది. హాన్స్ అని, భుజాల మీద కాలరులా కూర్చునే చట్రం, దాని నుంచి హెల్మెట్‌కు రెండు పట్టీలు. ఎర్న్‌హార్ట్‌కు అదంటే గిట్టేది కాదు. ఆయన పోయిన ఏడాది అక్టోబరులో గానీ నాస్కార్ తల, మెడ రక్షణను తప్పనిసరి చేయలేదు.

వంశీ: చేశాక ఏమైంది? నాస్కార్ మూడు పెద్ద సిరీసుల్లో ఎర్న్‌హార్ట్ తర్వాత రేసులో ఒక్క డ్రైవరూ పోలేదు. కాంక్రీటు గోడ ముందు స్టీలు గొట్టాలు, వాటి వెనక ఫోం దిమ్మెలు పెట్టారు. 2020 డేటోనాలో ర్యాన్ న్యూమన్ కారు తలకిందులై, గాల్లో ఉండగానే ఇంకో కారు వచ్చి డ్రైవర్ వైపు గుద్దింది. అందరం పోయాడనే అనుకున్నాం. రెండు రోజుల్లో కూతుళ్ల చేతులు పట్టుకుని ఆస్పత్రి నుంచి నడిచొచ్చాడు. ఇంత రక్షణ ఉన్నాక కాస్త తెగిస్తే తప్పేంటి?

సుధాకర్: రక్షణ ఉందనుకున్న చోటే దెబ్బ తగిలింది. అదే 2022, చాస్టెయిన్ నడిపిన కొత్త తరం కారే. జూలైలో పొకోనో ట్రాక్‌లో క్వాలిఫయింగ్ అప్పుడు, అంటే రేసులో ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చే పరుగులో, కర్ట్ బుష్ కారు వెనకభాగం గోడకు కొట్టుకుంది. టీవీలో చూస్తే పెద్ద ప్రమాదంలా కూడా లేదు. 2004 చాంపియన్, మళ్లీ కప్ రేసు ఎక్కలేదు. సెప్టెంబరులో టెక్సస్‌లో అలెక్స్ బౌమన్‌కు కూడా వెనకవైపే తగిలింది. రేసు పూర్తి చేశాడు గానీ, తర్వాత ఐదు రేసులు ఇంట్లోనే ఉన్నాడు.

(బావ లడ్డూల స్టీలు డబ్బాను బల్లకేసి ఠంగున కొట్టాడు. మూత తీస్తే ఒక లడ్డూ విచ్చిపోయి ఉంది. డబ్బాకు సొట్ట లేదు. అక్కయ్య వంటింట్లోంచి ఒక చూపు చూసింది.)

సుధాకర్: ఇదీ సంగతి. చట్రం నలిగితే దెబ్బను అది తింటుంది. నలక్కపోతే మనిషి తింటాడు. 2023కి వెనక చట్రంలో కొన్ని గొట్టాలు తీసేసి, కొన్ని పలచన చేశారు. అది కూడా ఇద్దరి తలలకు దెబ్బ తగిలాక.

వంశీ: అది కారు కట్టినవాళ్ల తప్పు. చాస్టెయిన్ ఎవర్నీ గుద్దలేదే! ఈ ఆగస్టులో రిచ్‌మండ్‌లో ఆస్టిన్ డిల్లన్ ఏం చేశాడు? చివరి ల్యాపులో లొగానోని తిప్పేసి, హామ్లిన్‌ని గోడకు తోశాడు. ప్లేఆఫ్, అదే టైటిల్ కోసం సీజన్ చివర్లో జరిగే రౌండ్లలోకి వెళ్లే అవకాశం తీసేశారు సరే, గెలుపు మాత్రం అతని పేరు మీదే ఉంచారు. ఇద్దర్ని గుద్దినవాడికి ట్రోఫీ, గోడ రాసుకున్నవాడికి పెనాల్టీనా? ఇంకో డ్రైవర్ కైల్ లార్సన్ కూడా చాస్టెయిన్‌ని తప్పుపట్టాడు. 2021లో డార్లింగ్టన్‌లో చివరి ల్యాపున గోడకు ఆనించి హామ్లిన్‌ని దాటబోయింది ఎవరు మరి? తనే. కుదరలేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

(ఈ దెబ్బకు బావ ఒక క్షణం ఆగాడు. డిల్లన్ విషయంలో వంశీదే పైచేయి అని నా లెక్క.)

సుధాకర్: డిల్లన్ గెలుపు తీసేయాల్సిందే, ఒప్పుకుంటా. కానీ అప్పటికి అతను పాయింట్లలో 32వ వాడు. ఒక్క రేసు గెలిస్తే చాలు, ప్లేఆఫ్‌లోకి వచ్చేస్తాడు. అలాంటి లెక్క పెట్టి చివరి ల్యాపులో బుద్ధిగా నడపమంటే ఎవరు నడుపుతారు?

వంశీ: మరి బెల్? గోడ మీదికి జారానన్నాడు, కావాలని వెళ్లలేదన్నాడు. పద్దెనిమిదో స్థానం నుంచి 22కి దించారు, ఫైనల్ పోయింది.

సుధాకర్: జారి ఉండొచ్చు. గోడ తగిలాక కాలు తీశాడా?

వంశీ: తీస్తే సీజనే పోతుంది కదా!

సుధాకర్: అదే నేననేది. ఒక్క స్థానానికి, ఒక్క పాయింటుకు సీజనంతా ముడిపెట్టారు. ఆ టెన్షన్‌లో కాలు తీయాలా వద్దా అన్నది డ్రైవర్‌కే వదిలేస్తే ఎవడూ తీయడు. తీసేలా చేయాల్సింది రూలు. గోడ అవతల కంచె, కంచె అవతల జనం ఉంటారు. 2009లో టల్లడేగాలో కార్ల్ ఎడ్వర్డ్స్ కారు ఎగిరి కంచెకు కొట్టుకుంటే దెబ్బలు తగిలింది గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు. వాళ్లెవరూ హెల్మెట్ పెట్టుకుని రారు.

వంశీ: అయితే రౌండు రౌండుకూ కొందర్ని తప్పించే ఆ ఎలిమినేషన్ లెక్కనే మార్చమనండి. ల్యాపు మీద పడతారేం?

సుధాకర్: మార్చేదాకా పెనాల్టీ ఉండాలి.

వంశీ: మార్చాక కూడా ఉంచమంటారు మీరు.

సుధాకర్: ఉంచమంటా.