30 ఎంఎల్ వైనుకి దూబగుంటను అడ్డం తెస్తారా?

పొద్దున ఆరున్నర. ఇంకా మొహం కూడా కడగలా, ఫోన్ తెరిచాను. మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో, నలభై మంది చూసే చోట, వైను గ్లాసుతో నేనున్న ఫోటో కింద మా పెదనాయన కొడుకు పెట్టిన మెసేజి: "దూబగుంట పక్కూరి ఆడబిడ్డవై ఉండి, బాబా దర్శనానికని పోయి వైను తాగొచ్చావా చెల్లెమ్మా? రోసమ్మ నడిచిన గడ్డ పరువు తీశావు గదా!" కింద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు రెండు. దాని కింద మా మేనత్త, "నిజమే నాయనా" అని. దూబగుంట అంటే సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ ఊరు, రోసమ్మ వాళ్ళకి ముందు నిలబడినామె.

ఆ ఫోటోలో నేనొక్కదాన్నే లేను. పక్కన మా ఆయన ఉన్నాడు, మా మరిది ఉన్నాడు, ఇద్దరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి. మా ఆయన విడిగా పెట్టుకున్న ఫోటోకి ఇదే అన్న నిన్న రాత్రి "సూపర్ బావా" అని పెట్టాడు. ఒకే బల్ల, ఒకే సీసా. ఆయన చేతిలో ఉంటే సూపరు, నా చేతిలో ఉంటే గడ్డ పరువు పోయింది. అప్పట్నించీ నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలా.

వారం కిందట షిర్డీ పోయాం. మన వైపు నుంచి అందరూ పోయే దారే, షిర్డీ, పంచవటి, త్రయంబకం. గోదావరి పుట్టిన చోట నీళ్ళు నెత్తిన చల్లుకుని వస్తుంటే డ్రైవరు అడిగాడు, గంగాపూర్ డ్యాం వైపు ద్రాక్షతోటలు చూస్తారా అని. సూలా అనే వైను కంపెనీ వాళ్ళు 2005లో టేస్టింగ్ రూం, అంటే వైను రుచి చూపించే గది, తెరిచాక నాసిక్ చుట్టూ ఒక్కొక్కరే తెరుచుకుంటూ వచ్చారు. మేం పోయింది ఏదో రాయను. నా గొడవ ఒక్క కంపెనీతో కాదు.

టేస్టింగ్ రూం అనగానే మా వాళ్ళ కళ్ళ ముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. ఇనప గ్రిల్లు, చీకటి, కింద పల్లీల పొట్టు, నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు. అది కాదు. ముందు తోటలో నడిపించారు. కోతలు జరుగుతున్నాయి. యూరప్‌లో సెప్టెంబర్‌లో కోస్తారంట. ఇక్కడ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కొమ్మలు కత్తిరించి, జనవరి నుంచి మార్చి లోపల కోస్తారు, ఎండలు ముదరక ముందే. మనం బండి మీద కొనుక్కునే గింజల్లేని ద్రాక్ష కాదది. చిన్న పండు, తోలు మందం, లోపల గింజలు. కొరికితే ముందు తీపి, ఆ తర్వాత తోలు వగరు నాలుక్కి పట్టుకుని వదలదు. ఎరుపంతా ఆ తోలులోదే. తెల్ల వైనుకి పండు పిండి రసం ఒక్కటే పులియబెడతారు, ఎర్ర వైనుకి తోలుతో సహా పులియబెడతారు.

కోసేవాళ్ళంతా ఆడవాళ్ళే. తలకి చీర కొంగు చుట్టుకుని, కత్తెరతో గుత్తి కోసి ట్రేల్లో పేర్చుకుంటా పోతున్నారు. ఒకామె నాకు నాలుగు పండ్లు చేతిలో పెట్టింది. వచ్చీరాని హిందీలో అడిగాను, నువ్వెప్పుడన్నా ఆ గదిలోకి పోయి రుచి చూశావా అని. లేదని తలూపి మళ్ళీ గుత్తి పట్టుకుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

తర్వాత స్టీలు ట్యాంకులు చూపించారు, 225 లీటర్లు పట్టే ఓక్ పీపాలు చూపించారు, ఆఖరికి బల్ల దగ్గరికి తీసుకుపోయారు. ఐదు రకాలు, ఒక్కొక్కటి 30 మిల్లీలీటర్లు. తెలుపు ముందు, ఎరుపు తర్వాత. గ్లాసు తిప్పాలి, వాసన చూడాలి, చిన్న గుక్క నోట్లో ఆడించాలి. మింగాలనిపిస్తే మింగాలి, లేకుంటే పక్కన పెట్టిన గిన్నెలో ఉమ్మేయాలి. ఉమ్మడానికి గిన్నె పెట్టిన చోటికి తాగుడుకి పోయానంటారా నన్ను?

నాకు మంట మొదలైంది అక్కడే, ఈ పొద్దున కాదు. పోసే కుర్రాడు మా ఆయనకి పోశాడు, మా మరిదికి పోశాడు, సీసా ఎత్తుకుని నన్ను దాటి పోయాడు. పోయినోడు వెనక్కి తిరిగి మా ఆయన్ని అడిగాడు, "మేడంకి జ్యూస్ తెమ్మంటారా?" అని. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాకూ టికెట్టు కొన్నాం, అదే రేటు. నన్నడగాల్సిన మాట ఆయన్ని అడిగాడు. ఆయనన్నా "ఆమెనే అడుగు" అనాలి గదా, అనలా. నేనే గ్లాసు ముందుకు జరిపాను.

నాలుగో గ్లాసు కేబర్నే సొవిన్యాన్, ఎర్రది. ఆ కుర్రాడు కళ్ళు మూసుకుని చెప్తున్నాడు, ఇందులో నల్ల పండ్ల వాసన, దేవదారు వాసన, చివరాఖర్న పొగాకు వాసన తెలుస్తాయి అని. బల్ల చుట్టూ ఉన్నోళ్ళంతా తలలూపారు. అవునవును, టొబాకో, టొబాకో అంటున్నారు. నేను వాసన చూశాను. గ్లాసు తిప్పి మళ్ళీ చూశాను. రాలా. "పొగాకు వాసన లేదండీ, తడిసిన చెక్క వాసన వస్తా ఉంది" అన్నాను. చిన్నపిల్లకి చెప్పినట్టు, "ఫస్ట్ టైమా మేడం? అలవాటైతే తెలుస్తుంది" అన్నాడు.

పొగాకు వాసన నాకు అలవాటు కావాలా!

మాది కలిగిరి మండలం. మా నాయన వర్జీనియా పొగాకు వేస్తాడు. ఆకు కాల్చే కొట్టం, బ్యారన్ అంటాం, మా ఇంటికి ఇరవై అడుగులు. పచ్చాకు కర్రలకి కట్టి పైకెక్కించి పొయ్యి వెలిగించారంటే ఐదారు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. నూరు డిగ్రీల దగ్గర ఉంచి ఆకు పసుపు తిరిగేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటా పోయి, ఈనె ఎండేటప్పటికి 160కి తేవాలి. ఫారన్‌హీట్ లెక్క ఇది. తొందరపడితే ఆకు పచ్చగానే నిలిచిపోతది, ఆలస్యం చేస్తే మచ్చ పడతది. అర్ధరాత్రి మా నాయన టార్చిలైటు పట్టుకుని బ్యారన్ అద్దంలోంచి థర్మామీటర్ చూస్తుంటే నేను పక్కన దుప్పటి కప్పుకుని నిలబడేదాన్ని. తలుపు తీసిన రోజు వచ్చే వాసన, ఎండుగడ్డి మీద బెల్లప్పాకం పోసినట్టు ఉండేది. నా పుస్తకాల్లో అదే, జడలో అదే, తినే అన్నంలో అదే. బడిలో పక్క పిల్ల ముక్కు మూసుకుని జరిగి కూర్చునేది. అట్టాంటి నాకు చెప్తాడా, పొగాకు వాసన ఎట్టా ఉంటదో?

పొగాకు మంచిదని నేనేం చెప్పట్లా. మా నాయన కూడా చెప్పడు. వేరే పంటకి నీళ్ళు లేక వేస్తున్నాం.

ఇంక వేలం. అక్కడా ఆకు చూసేవాళ్ళుంటారు. బేలులోంచి గుప్పెడు లాగి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, క్షణంలో ధర చెప్పి ముందుకు పోతారు. లేకుంటే "నో బిడ్". ఏడాది కష్టానికి ఆ రెండు ముక్కలు. బేళ్ళు మళ్ళీ ట్రాక్టరెక్కించుకుని ఇంటికి రావాల. ఎందుకు కొనలేదని అడిగితే "లో గ్రేడ్" అంటారు. మా నాయన్ని కూర్చోబెట్టి, నీ నేల ఎట్టాంటిది, ఆ ఏడు వాన ఎట్టా పడింది, నువ్వెన్ని రాత్రులు మేలుకున్నావు అని అడిగినోడు ఒక్కడు లేడు. నాసిక్ ద్రాక్షకి గది కట్టి, గాజు గ్లాసులు పెట్టి, నేల గురించి, రాత్రి చలి గురించి గంటసేపు చెప్తారు. వింటుంటే నాకు ముచ్చటేసింది. కడుపు కూడా మండింది. ఎందుకంటే ఆ గదిలో కూడా పండించిన రైతు పేరు యాడా లేదు. ఈ పండ్లు ఎవరి తోటవని అడిగితే "చాలామంది దగ్గర కొంటాం మేడం" అన్నాడు. ఇందాక నా చేతిలో పండ్లు పెట్టినామె సంగతి ఇంకేం అడుగుతాను?

సరే, దూబగుంట అన్నావు గదా అన్నా. దాని సంగతి మాట్లాడదాం.

దూబగుంట మా మండలమే. రాత్రిపూట అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్ళు 1992లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోసమ్మ ముందు నిలబడింది. నెల్లూరులో సారా వేలంపాటలు జరగకుండా అడ్డం పడ్డారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బందయింది. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే, 1997లో ఎత్తేశారు. మా అమ్మమ్మ ఆ గుంపుల్లో ఉంది. చీపురుకట్ట, కారప్పొడి పట్టుకుని పోయేదంట. చిన్నప్పుడు నేనడిగాను, ఎందుకు పోయావు అమ్మమ్మా అని. "మీ తాత సారా తాగాడని కాదే, నా కూలి తాగాడని పోయినా" అంది.

ఆ మాట ఇంకోసారి చదువు అన్నా. పొయ్యి మీదికి నూకల్లేక, తాగొచ్చిన మొగుడు తంతుంటే పడలేక రోడ్డెక్కారు వాళ్ళు. కొట్లాడింది మొగోళ్ళ తాగుడు మీద. ముప్పై ఏళ్ళు దాటాక ఆ పేరే తెచ్చి ఆడదాని మొహాన కొడతావా?

మన ఊళ్ళో కొట్టు మీద బోర్డు "వైన్స్" అనే ఉంటది. లోపల వైను అడిగినోడు నాకింతవరకూ కనపడలా. అడిగేది క్వార్టర్. 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం ఆల్కహాల్. నా ఐదు గ్లాసులూ కలిపితే 150 మిల్లీలీటర్లు, 13 శాతం అనుకో. చుక్క వదలకుండా నేనవన్నీ తాగినా, ఒక్క క్వార్టర్లో ఉండే మత్తు దానికి దాదాపు నాలుగు రెట్లు. నేను సగం గిన్నెలోనే పోశాను. ఆ క్వార్టర్ రోజూ పొద్దుగూకేటప్పటికి ఎవరి బొడ్లో ఉంటదో గ్రూపులో నలభై మందికీ తెలుసు.

వదినా, చదువుతుంటే నన్ను క్షమించు. వినాయకచవితికి నీ మెడలో పసుపుతాడు చూశాను. పుస్తెలతాడు ఏదని అడిగితే మెరుగుకిచ్చానన్నావు. మొన్న సంక్రాంతికీ ఆ పసుపుతాడే ఉంది. నాలుగు నెలలు మెరుగు పెట్టే కంసాలి యాడున్నాడు వదినా? అప్పుడు ఈ గ్రూపులో ఒక్కరికీ రోసమ్మ గుర్తు రాలా. మా మేనత్తకి నోరు పెగల్లా.

మా నాయనది చిన్న ఫోను, ఈ గ్రూపుల్లో లేడు. ఇందాక ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలా. తర్వాత అడిగాడు, "ఇంతకీ పొగాకు వాసన వచ్చిందా అమ్మా దాంట్లో?" అని. రాలా నాయనా అన్నాను. "ఎట్టా వస్తది" అన్నాడు.

గ్రూపులో ఇంకా జవాబు పెట్టలా. ఇదే తీసుకుపోయి అక్కడా పెడతాను. అన్నా, ముందు మా ఆయన ఫోటో కిందికి పో. "సూపర్ బావా" తీసేసి, రోసమ్మ నడిచిన గడ్డ పరువు తీశావు బావా అని రాయి. రాశాక ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.