హెలికాప్టర్ నుంచి వదిలితే అది పరీక్ష కాదా?
ఇస్రో వాళ్లు మళ్లీ మళ్లీ వాడుకునేట్టు చేస్తున్న రెక్కల రాకెట్ బండి పుష్పక్‌ను హెలికాప్టర్‌కు కట్టి పైకి తీసుకుపోయి వదలడం ఉత్త ప్రదర్శనేనని, రాకెట్ పరీక్ష కాదని వ్యాసంలో రాసినారు. నేనొప్పుకోను. పైనుంచి తిరిగొచ్చే రెక్కల బండికి చివరి నాలుగైదు కిలోమీటర్లు కూడా ప్రాణం మీదికి తెచ్చేవే. ఇంజన్ ఉండదు, తప్పిందంటే ఇంకో చుట్టు తిరిగొచ్చే వీలే లేదు. ఆ ఒక్క ముక్కనే చిత్రదుర్గం రన్‌వే మీద మూడుసార్లు చూసుకున్నారు: 2023 ఏప్రిల్, 2024 మార్చి, మళ్లీ జూన్. చివరిసారి కావాలనే రన్‌వేకు 500 మీటర్లు పక్కగా, గాలి జోరు మీదున్నప్పుడు వదిలినారు. గంటకు 320 కి.మీ. పైగా వేగంతో దిగి, బ్రేక్ పారాచూట్‌తో 100 దాకా తగ్గి నిలబడింది. నేను అనంతపురంలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తా. తొట్టి నీళ్లలో ముంచి తిప్పి, ఆంపియర్లు చూసి గానీ రైతు చేతికియ్యను. ఒకసారి పైరు ఎండిపోతాందని ఒకాయన తొందరపెడితే అట్లే ఇచ్చేసినా. 700 అడుగులు దించినాక తిరగలేదు. పైపులన్నీ పైకి లాగిన కూలి నా జేబులోంచే పోయింది, మాటలు అదనం! అయితే నిలువుగా లేచి నిలువుగా దిగే రాకెట్ వేరే లెక్క అని వ్యాసంలో అన్నారే, అది మాత్రం నిజం. కానీ అక్కడా చిన్న పరీక్షతోనే మొదలు: అమెరికా కంపెనీ స్పేస్ఎక్స్ వాళ్ల పరీక్ష రాకెట్ గ్రాస్‌హాపర్ 2012లో మొదటిసారి లేచింది 1.8 మీటర్లు, మా ఇంటి గుమ్మమంత కూడా లేదు. 744 మీటర్లకు పోయింది మరుసటేడు.