మేడమీది నాదస్వరం

సంగీతం వినడానికి రెండు చెవులు చాలునని మా మామయ్య ఏనాడూ ఒప్పుకోలేదు. పదవీ విరమణ చేసి నెల్లూరు వేదాయపాళెంలో స్థిరపడిన నాటినుంచి ఆయన ధ్యాసంతా పాటను ఎక్కడ దాచాలి, ఏ తీగ గుండా హాల్లోకి రప్పించాలి అన్న దానిమీదే ఉంది. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని బాలసుబ్రహ్మణ్యం గారు 2020లో వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. అటువంటి గాయకుడి ఇల్లున్న ఊళ్లో కాపురముంటూ ఎమ్పీత్రీలు వినడం ఊరికే అప్రదిష్ట అని మామయ్య వాదన.

అందుకని పడకగదిలో బీరువా మీద ఒక నల్లటి పెట్టె వెలిసింది. దానిలో నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు ఉన్నాయి. ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా పడుతుంది గనుక ఒకటి చెడినా పాటలు పోవు. అత్తయ్య నగలకు బ్యాంకులో ఉన్నది ఒక్క లాకరే. ఆ పెట్టెనుంచి హాల్లోని రౌటరు దాకా గోడ వెంబడి మేకులు కొట్టి లాగిన తీగ గిగాబిట్ తీగ. మామయ్య దగ్గరున్న వాటిలో అతి బరువైన ఫైలు సెకనుకు తొమ్మిది మెగాబిట్లు దాటదు కాబట్టి, ఆ తీగలో అటువంటి పాటలు వంద దాకా ఒకేసారి ప్రయాణించవచ్చు. ప్రయాణించేది ఎప్పుడూ ఒక్కటే.

ఆ సంపదలో కిరీటం వంటిది ఒక పాత కాసెట్టు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరాన్ని ఎవరో ఒక పెళ్లిలో టేపురికార్డరుతో పట్టుకున్నారు. దానిని మామయ్య 24 బిట్లలో, 192 కిలోహెర్ట్జ్‌లలో, అంటే శబ్దాన్ని సెకనుకు లక్షా తొంభై రెండు వేల సార్లు కొలిచి, కంప్యూటరుకు ఎక్కించారు. మామూలు కాసెట్టు మహా అయితే 15,000 హెర్ట్జ్‌ల దాకా పలుకుతుంది. మనిషి చెవికి అందేది 20,000 దాకా. ఈ ఫైలు మాత్రం ఆ కొలతల్లో సగం, అంటే 96,000 దాకా చోటు కేటాయించి కూర్చుంది. సీడీలో నిమిషం పాటకు పది మెగాబైట్లు పడితే, ఇక్కడ నిమిషానికి అరవై తొమ్మిది పడతాయి. నాణ్యత పోకుండా ఫైలును చిన్నది చేసే ఫ్లాక్ పద్ధతిలో కుదించి దాచారన్న మాట నిజమే గాని, ఫ్లాక్ సంగీతాన్ని కుదించినంత సులువుగా టేపు బుసను కుదించలేదు. కనుక ఆ డిస్కులో నాదస్వరం కంటే బుసే ఎక్కువ స్థలం ఆక్రమించి ఉంటుందని నా అనుమానం.

ఒంగోలు నుంచి బాబాయి, పిన్ని వచ్చిన రోజున ఆ నాదస్వరాన్ని వినిపించాలని నిర్ణయమైంది. రాత్రి ఎనిమిది గంటలకు ఫ్యాన్లు ఆపారు. వంటింట్లో కుక్కరు కట్టేయించారు. స్పీకర్లు హాల్లోని టీవీకి తగిలించి ఉన్నాయి. ఆ టీవీ 192 కిలోహెర్ట్జ్‌లను మింగలేక పోతే పాటలు పంపే ఆ నల్లపెట్టే దారిలో దానిని 48కి దించి పంపుతుందని నాకు తెలుసు గాని, అతిథుల ముందు ఆ ప్రస్తావన ఎందుకని ఊరుకున్నాను. మామయ్య ఫోను తెరిచి, పాటను ఎంచుకొని, ఎక్కడ మోగించాలన్న పట్టికలో టీవీ పేరు నొక్కారు. ఆ పట్టికలో ఒకే పేరు రెండు సార్లు ఉంది. ఒకే కంపెనీ, ఒకే మోడలు, అక్షరం తేడా లేదు. రెండో పేరు మేడమీద అద్దెకున్న వాళ్ల టీవీది. కృష్ణపట్నం రేవులో పని చేసే ఆ అబ్బాయికి ఇల్లు ఇచ్చేటప్పుడు వైఫై కూడా అద్దెలోనే కలిపి ఇచ్చారు.

హాల్లో చడీచప్పుడు లేదు.

“తొందరపడవద్దు,” అన్నారు మామయ్య. “పదహారు బిట్లలో శబ్దానికీ నిశ్శబ్దానికీ మధ్య ఎడం 96 డెసిబెల్సే. ఇందులో 144. మీరు వింటున్నది అసలైన నిశ్శబ్దం.”

పిన్ని భక్తిగా తల ఊపింది. ఆ నిశ్శబ్దాన్ని ఇంకొంచెం స్పష్టంగా వినిపించాలని మామయ్య ఫోనులోనే వాల్యూము ఇరవై నుంచి నలభైకి, నలభై నుంచి డెబ్బైకి జరిపారు. అప్పుడు స్లాబు గుండా, కిటికీల గుండా, మెట్ల మీదుగా నాదస్వరం దిగింది.

“ఏంది బావా ఇది! ఆకాశంలోనించి దిగొస్తా ఉండాది!” అని బాబాయి లేచి నిలబడ్డాడు.

“దీన్నే సౌండ్ స్టేజి అంటారు,” అన్నారు మామయ్య, తన స్పీకర్లను వాత్సల్యంగా చూసుకుంటూ. ఆ స్పీకర్ల పక్కన టీవీ తెర నల్లగానే ఉన్న సంగతి అత్తయ్య ఒక్కతే గమనించింది. కుక్కరు కట్టేయించిన కోపంతో ఆమె చెప్పదలుచుకోలేదు.

పల్లవి పూర్తి కాకుండానే నాదస్వరం ఠక్కున ఆగిపోయింది. తగిలించిన పరికరం కనబడడం లేదని ఫోను ప్రకటించింది. మామయ్య తీగ ఊడదీసి మళ్లీ తగిలించి, రౌటరుకు ప్రదక్షిణం చేసి, నల్లపెట్టెను ఆర్పి వెలిగించే పనిలో ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. మేడమీది అబ్బాయి, వాళ్ల అత్తగారు దిగి వచ్చారు. సీరియల్ మంచి పట్టులో ఉండగా తెరమీద ఏదో పెట్టె వచ్చి అడ్డం నిలిచిందట. అది తొలగితే చాలునని ఆ పెద్దావిడ ఓకే నొక్కిందట. నొక్కగానే ఆ నాదస్వరం పెళ్లి పందిరిలో మోగినట్టు మోగిందట. రిమోటు దేనికీ లొంగకపోయేసరికి ప్లగ్గు పీకి వచ్చారు.

విషయం అర్థమయ్యాక ఎవరైనా క్షమాపణ అడుగుతారు. మామయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. తన ఫైలు వైఫై మీద మేడ ఎక్కి, ఎక్కడా తెగకుండా మోగిందన్న వార్త ఆయన ఆ సాయంత్రం విన్న తొలి సంగీతం. కుర్చీ ముందుకు జరిపి ఆ పెద్దావిడను కూర్చోబెట్టారు.

“అమ్మా, ఒక్క మాట చెప్పండి. నాదస్వరం వెనక సన్నగా శ్రుతి వినపడిందా?”

“వినపడింది నాయనా, శుభ్రంగా వినపడింది,” అన్నదావిడ. “ఆ చిన్న కోడలు విషం కలిపింది పాలల్లోనా, పాయసంలోనా అన్నదే వినపడకుండా పోయింది.”