పుల్‌త్రూ అన్నకు బారెడు ఉత్తరం

తుపాకీ గొట్టాన్ని లోపల తుడిచే తాడువైన పుల్‌త్రూ అన్నకు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు వరంగల్ చుట్టుపక్కల ఏ కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, మేకుకు వేలాడుతున్నావో, ఏ త్రీనాట్ త్రీ రైఫిల్ బట్ (భుజానికి ఆనించే చెక్క భాగం) లోపల, ఇత్తడి మూత వెనక, నూనె సీసా పక్కన చుట్ట చుట్టుకుని పడుకున్నావో తెలియదు. చిరునామా లేకపోయినా రాస్తున్నాను. నీకు ఇప్పటిదాకా ఎవరూ ఉత్తరం రాసి ఉండరు.

దసరాకు ఆయుధ పూజ చేస్తారు కదా. రైఫిళ్లను వరసగా నిలబెట్టి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొడతారు. పెద్దసారు కొబ్బరికాయ కొట్టగానే ఫొటోలు. పేపర్లో తుపాకీ పడుతుంది, సారు పడతాడు, ఒక్కోసారి గుమ్మడికాయ కూడా పడుతుంది. నీకు చిటికెడు పసుపు కూడా దక్కదు. పైగా కొబ్బరినీళ్లు ఒక్క చుక్క గొట్టంలోకి జారినా, అందరూ జమ్మి పంచుకుని అలాయ్ బలాయ్ అనుకుంటుంటే లోపలికి దిగాల్సింది నువ్వే.

కాలేజీలో ఎన్‌సీసీలో చేరినప్పుడు తుపాకీ కాల్చడం నేర్పుతారనుకున్నాం. నేర్పింది నిన్ను లాగడం. రేంజ్‌లో బోర్లా పడుకుని కాల్చేది కాసేపు, ఆ తర్వాత పొద్దంతా సఫాయి. బోల్ట్ (గొట్టాన్ని వెనక మూసే కడ్డీ) తీసి, వెనక నుంచి నీ ఇత్తడి బరువును జారవిడిచి, మూతి దగ్గర పట్టుకుని ఒకే ఊపులో లాగాలి. మధ్యలో ఆగకూడదు. తూటా పోయిన దారినే నువ్వూ పోవాలి, వెనక్కి రాకూడదు. పాతిక అంగుళాల పైచిలుకు బారెల్, లోపల ఎడమకు మెలి తిరిగిన ఐదు గాడులు. తూటా రెప్పపాటులో అది దాటేసి పేరు కొట్టేస్తుంది. అది వదిలిన మసి మాత్రం నీ వాటా.

నీ ఒంటికి మూడు ఉచ్చులు. ఒకటి ఇనుప జాలీకి, ఒకటి చిందీకి, అంటే తుడిచే గుడ్డముక్కకు. మూడోది ఎందుకో తెలిసినప్పటి నుంచి నిన్ను తయారు చేసినవాడంటే నాకు భక్తి. నువ్వు లోపల ఇరుక్కుపోతే బయటికి లాగడానికట అది! నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ఫ్లానెల్ గుడ్డ చాలు అని చెబితే మనవాళ్లు చేరెడు గుడ్డ డబుల్ మడత పెట్టి కుక్కుతారని, ఇద్దరు కలిసి కాలు తన్నిపెట్టి మరీ గుంజుతారని ఆ మహానుభావుడు ఎక్కడో ఇంగ్లండ్‌లో కూర్చునే కనిపెట్టాడు. మా హనుమకొండ పిల్లగాళ్లను అతను చూడనైనా చూడలేదు.

ఇరుక్కున్న ప్రతిసారీ గుంపులోంచి ఒక మేధావి లేస్తాడు. "ఒక్క రౌండ్ పెట్టి కొడితే అదే ఎగిరిపోతది కదరా" అంటాడు. గొట్టం మధ్యలో అడ్డం ఉండగా కాలిస్తే బారెల్ ఉబ్బుతుంది, లేదంటే పగిలి, పట్టుకున్నవాడి మొహం మీదికే వస్తుంది. కానీ తుపాకులు బాగుచేసే ఆర్మరర్ దగ్గరికి పోతే తిట్లు ఖాయం కాబట్టి ఈ సలహాకు గిరాకీ ఎప్పుడూ తగ్గదు. మాకు నేర్పే ఉస్తాద్ ఆ మేధావినే పిలిచి, రైఫిల్ నెత్తిన ఎత్తించి గ్రౌండ్ చుట్టూ ఉరికించేవాడు. అదొక్కటే పనిచేసేది.

పొగడ్తలు అయిపోయాయి, ఇక నీ మీద ఫిర్యాదు. గిలక లేని చేదబావి గట్టు చూసే ఉంటావు. ఏళ్ల తరబడి తాడు ఒరిసి ఒరిసి బండరాయికే గాడి పడుతుంది. బారెల్ మూతికి నువ్వు చేసేది అదే. ఏటవాలుగా గుంజితే నీకు అంటిన ఇసుక ఉక్కునే అరగదీస్తుంది. తూటాను చిట్టచివర తాకే అంచు అది. ఒక పక్క అరిగితే వెనక నుంచి తోసే గ్యాస్ ఆ పక్కనుంచి ముందుగా జారుకుంటుంది, తూటా దారి తప్పుతుంది. అప్పుడు కాల్చినవాణ్ణి చెయ్యి వణికిందని, శ్వాస బిగపట్టలేదని, రాత్రి నిద్రపోలేదని తిడతారు. మూతి వైపు ఎవరూ చూడరు. "సీధా ఖీంచో" అని ఉస్తాద్ గొంతు పోయేలా అరిచేది ఇందుకే. మేడారం జాతర బందోబస్తు నుంచి వచ్చిన రైఫిల్‌కు ఎంత దుమ్ము పడుతుందో నీకు చెప్పాలా? తుపాకీని తుడుస్తారు. తుడిచే తాడును ఉతకాలని మాత్రం ఎవరికీ తోచదు.

పాత తూటాల క్యాప్‌లో, అంటే అడుగున నిప్పు రాజేసే చిన్న మూతలో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండితే మిగిలేది ఒక రకం ఉప్పు. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చుకుని బారెల్‌కు తుప్పు పట్టిస్తుంది. నూనెలో కరగదు కాబట్టి గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసి, నీతో ఆరదుడిచి, ఆ తర్వాతే నూనె పట్టించాలి. నీళ్లు కాచే ఓపిక లేనిచోట నేరుగా నూనె పూసేవాళ్లు. పైన నిగనిగ, కింద తుప్పు. ఇప్పటి తూటాల్లో ఆ మందు చాలావరకు పోయింది. ఆ పద్ధతి మాత్రం పోలేదు.

ఎందుకు పోతుంది? తనిఖీకి వచ్చే సారు బొటనవేలి గోరు వెనకవైపు పెట్టి, దాని మీద పడ్డ వెలుతురులో మూతి నుంచి తొంగి చూస్తాడు. నూనె తడికి లోపలంతా తళతళలాడుతుంది. "గుడ్" అని సంతకం పెడతాడు. పొడి చిందీ ఒక్కటి లాగి చూపించమంటే కథ మొత్తం నల్లగా బయటికొచ్చేది. ఆ మాట అడిగిన సారును క్యాంపంతా శాడిస్ట్ అని పిలిచాం. నాకు తెలిసి రైఫిల్‌ను నిజంగా చూసింది ఆయనొక్కడే.

ఇప్పుడు నీకు పోటీగా బోర్ స్నేక్ అని ఒకటి వచ్చింది. తాడులోనే కంచు బ్రష్ అల్లేశారు, చిందీ అక్కర్లేదు, ఒక్కసారి లాగితే చాలంటారు. కంగారు పడకు. ఉతక్కపోతే అది నిన్నటి మసినే ఇవాళ మళ్లీ బారెల్‌కు పూస్తుంది. మనవాళ్లు ఉతుకుతారా? నీ ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇట్లు,
నీ అటు కొస పట్టుకుని గుంజిన ఒక మాజీ క్యాడెట్

తా.క. చిందీ స్టాకు అయిపోయిందని, ఇండెంట్ పెట్టామని తెలిసినవాళ్లు చెప్పారు. అది వచ్చేలోపు పాత బనియన్ ముక్కలతో సర్దుకోవాలట. కొలత చెప్పాను. విన్నారో లేదో నీకే తెలుస్తుంది, మూడో ఉచ్చు గట్టిగా ఉందో లేదో ఒకసారి చూసుకో.