కోర్సు మారే ముందు ఆసుపత్రి చూడండి

ఆగస్టు వచ్చిందంటే విజయవాడ సూర్యారావుపేటలోనూ గుంటూరు బ్రాడీపేటలోనూ కొన్ని కుటుంబాలు కనిపిస్తాయి. తండ్రి చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, తల్లి భుజాన సంచి, పక్కన తలవంచుకుని నడిచే పంతొమ్మిదేళ్ల అమ్మాయో అబ్బాయో. ఇంటర్ బైపీసీ అయిపోయి రెండేళ్లు దాటి ఉంటుంది. లాంగ్ టర్మ్ కోచింగ్ ఒకసారి అయింది, నీట్‌లో ఆశించిన ర్యాంకు రాలేదు. ఇంట్లో ఖాళీగా ఉండకూడదని ఏదో బీఎస్సీలో చేరితే అక్కడ మనసు నిలవలేదు. ఇప్పుడు నర్సింగా, ఫిజియోథెరపీయా, ఫార్మసీయా, ల్యాబ్ టెక్నాలజీయా అని కాలేజీ కాలేజీకీ తిరుగుతున్నారు.

ఈ ఏడాది అలా తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. మా అన్నయ్య కూతురు బయోటెక్నాలజీ మొదటి సంవత్సరం పూర్తిచేసి, ఇక ఆ చదువు తనవల్ల కాదని చెప్పింది. అన్నయ్యకు సెలవు దొరకని రోజుల్లో ఆమె వెంట నేను వెళ్లాను. ఎక్కడికి వెళ్లినా అందరూ ఒకటే అడుగుతున్నారు: ఏ కోర్సు మంచిది? ఎంతమందిని అడిగినా ఆ ప్రశ్నకు పనికొచ్చే జవాబు దొరకదు. ఈ కోర్సు వెనుక ఏ ఆసుపత్రి ఉంది, అక్కడ నా చేతులతో ఏ పని నేర్చుకుంటాను అని అడిగితే మాత్రం దొరుకుతుంది. మధ్యలో మారేవాళ్లకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. వాళ్ల దగ్గర పోగొట్టుకోవడానికి ఇంకో ఏడాది లేదు.

ముందుగా ‘మారడం’ అనే మాట దగ్గరే చాలామంది పొరపడుతున్నారు. విజయవాడలో గుంటూరు బస్సెక్కి, మంగళగిరిలో దిగి, వెనక వచ్చే బస్సు పట్టుకున్నట్టు ఉంటుందనుకుంటారు. ఆరోగ్య కోర్సుల్లో అలా కుదరదు. మళ్లీ బయలుదేరిన బస్టాండుకే రావాలి. ఒక చదువులో సంపాదించిన క్రెడిట్లను, అంటే పూర్తిచేసిన పాఠాలకు ఇచ్చే పాయింట్లను, మరోచోట వాడుకోవడానికి 2021లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. మామూలు డిగ్రీల్లో దాని ఉపయోగం దానికుంది. కానీ నర్సింగ్‌కు ఒక మండలి, ఫార్మసీకి ఒక మండలి, ఫిజియోథెరపీ వంటి అనుబంధ వృత్తులకు ఒక కమిషన్ ఉన్నాయి. ఎవరి పాఠ్యప్రణాళిక వారిది, ఎవరి గంటల లెక్క వారిది. బీఎస్సీలో చదివిన బయోకెమిస్ట్రీ మీ తలలో ఉంటే ఉండవచ్చు గానీ, కొత్త కాలేజీ హాజరుపట్టీలో ఉండదు. అక్కడ మీరు మొదటి సంవత్సరం విద్యార్థే.

ఏళ్లు కలిసొచ్చే దారులు కొన్ని ఉన్నాయి. అయితే అవి అదే వృత్తిలో కింది మెట్టు ఎక్కినవాళ్లకే. డీఫార్మసీ (ఫార్మసీ డిప్లొమా) చేసినవారు లాటరల్ ఎంట్రీలో బీఫార్మసీ రెండో సంవత్సరంలో చేరవచ్చు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు చదివి నర్సుగా నమోదైనవారికి పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ రెండేళ్లే. బీఫార్మసీ పూర్తయినవారు ఆరేళ్ల డాక్టర్ ఆఫ్ ఫార్మసీ కోర్సు ఫార్మ్ డీ నాలుగో సంవత్సరంలో ప్రవేశించి మూడేళ్లలో ముగించవచ్చు. బీఎస్సీ బయోటెక్నాలజీ నుంచో, ఇంజినీరింగ్ నుంచో వచ్చేవారికి ఈ తలుపులు తెరుచుకోవు. ‘మీ ఫస్టియర్ మేము సర్దుబాటు చేస్తాం’ అని ఎవరైనా చెబితే, అది విశ్వవిద్యాలయం ముద్రతో కాగితం మీద ఇవ్వమనండి. ఇవ్వరు.

ఎంపీసీ చదివి ఇంజినీరింగ్‌లో ఇమడలేకపోయిన పిల్లలు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బీఫార్మసీకి జీవశాస్త్రం తప్పనిసరి కాదు, ఎంపీసీ వారికీ అర్హత ఉంది. వాళ్ల కోసం మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ బయాలజీ పెట్టారు, బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమెడియల్ మ్యాథమెటిక్స్. వేరే దారిలో వచ్చిన విద్యార్థికి ఎక్కడ తడబాటు వస్తుందో ముందే ఊహించి ఏర్పాటు చేశారు. నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఇది. మిగతా కోర్సులు దీన్ని చూసి ఎందుకు నేర్చుకోలేదన్నదే నా బాధ.

ఇక కాలేజీల సంగతి. మేము వెళ్లిన ఒకచోట, ఊరి పేరు కూడా చెప్పను, ఆఫీసు గదిలో కూర్చోగానే ఫీజుల కాగితం ముందుకు జరిపారు. ట్యూషన్ ఫీజు, హాస్టలు, యూనిఫాం, పరీక్ష ఫీజు, ‘ఇతరములు’. మా అమ్మాయి దాన్ని పక్కన పెట్టి, “సర్, మాకు క్లినికల్ పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో ఉంటుంది?” అని అడిగింది. ఒక ఆసుపత్రితో టై-అప్, అంటే ఒప్పందం, ఉందన్నారు. ఎన్ని పడకలని అడిగింది. పెద్ద ఆసుపత్రేనన్నారు. ఇప్పుడు మూడో సంవత్సరం వాళ్లు ఏ వార్డులో ఉన్నారో, ఒకసారి పోస్టింగ్ రిజిస్టర్ చూడవచ్చా అంది. ఆయన కాసేపు ఫోను చూసుకుని, ఈ వారంలో చేరితే హాస్టలు ఫీజులో తగ్గిస్తామన్నారు. మేము లేచి వచ్చేశాము. బయట మెట్ల మీద అన్నయ్యకు ఫోను చేసి, ఈ కాలేజీ వద్దు నాన్నా అని చెప్పేసింది. ఆ పిల్లకు ఆ ప్రశ్నలు ఎవరూ నేర్పలేదు. ఒక ఏడాది వృథా అయిన నొప్పే నేర్పింది.

పడకల గురించి అంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. ఈ చదువుల్లో సగం ఆసుపత్రిలోనే జరగాలి. రక్తం తీసే పని చూడండి. సిరంజిని తొందరపడి గట్టిగా లాగినా, తీసిన రక్తాన్ని సూదిలోంచి బలంగా ట్యూబులోకి నెట్టినా ఎర్రకణాలు పగిలిపోతాయి. వాటిలోని పొటాషియం బయటకు వచ్చి, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఆ తేడా తెలియాలంటే వందలమంది చేతులు పట్టుకుని ఉండాలి: ముసలివాళ్ల సన్నని నరాలు, ఏడ్చే పిల్లలవి, సూది పొడవగానే కళ్లు తిరిగేవాళ్లవి. రోగులు రాని ఆసుపత్రిలో టై-అప్ పెట్టుకుని, రికార్డు బుక్కులో బొమ్మలు గీయించి పట్టా ఇస్తే, ఆ పట్టాతో రేపు మన ఇంట్లో ఒకరి రక్తం పరీక్షించేది ఆ పిల్లలే.

చట్టం ఈ విషయంలో ఆలస్యంగానైనా మేల్కొంది. 2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. యాభైకి పైగా వృత్తులను పది వర్గాలుగా విభజించింది. అనుబంధ ఆరోగ్య నిపుణులు కావాలంటే కనీసం 2,000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ నిపుణులు కావాలంటే కనీసం 3,600 గంటలు ఉండాలని రాసింది. 2025 ఏప్రిల్‌లో పది వృత్తులకు దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళికలు విడుదలయ్యాయి. ఫిజియోథెరపీ డిగ్రీ ఇదివరకు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు ఉండేది, కొత్త ప్రణాళికలో ఐదేళ్లయింది. మారాలనుకునే కుటుంబం మొట్టమొదట చూడవలసింది ఇదే: నర్సింగ్, ఫార్మసీ కాని కోర్సైతే అది ఈ చట్టం జాబితాలో ఉన్న వృత్తికి దారితీస్తుందా, చదువయ్యాక రాష్ట్ర మండలిలో పేరు నమోదవుతుందా? పేరు ఎంత గంభీరంగా ఉన్నా, రిజిస్ట్రేషన్ రాని డిగ్రీకి ఐదేళ్లు ధారపోయకండి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. మధ్యలో మానేస్తామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీలు ఇప్పటికీ ఉన్నాయి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లో స్పష్టంగా చెప్పింది. ఫీజు వాపసుకూ అందులోనే లెక్క ఉంది. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజుల ముందే మానితే మొత్తం, ఆ తర్వాత 90 శాతం, చివరి తేదీ దాటాక పదిహేను రోజుల్లోపు 80, ముప్పై రోజుల్లోపు 50 శాతం ఇవ్వాలి. ముప్పై రోజులు దాటితే ఏమీ రాదు. కాబట్టి మొదటి నెలలోనే ‘ఇది నా చదువు కాదు’ అని పిల్లలు చెబితే, ‘ఒక ఏడాది చూద్దాంలే’ అనకుండా ఆ రోజే కూర్చోబెట్టి మాట్లాడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవారు, కోర్సు మారాక అది కొనసాగుతుందో లేదో కొత్త కాలేజీలో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

వీటన్నిటికన్నా బరువైనది ఇంట్లో వినిపించే మాట. ‘డాక్టర్ కాలేకపోయింది, అందుకే ఇది’ అంటారు. ఈ మాట నన్ను నిజంగా బాధిస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పాతికేళ్లుగా పిల్లల తెలివిని ఎంబీబీఎస్ సీటుతోనే కొలుస్తున్నాము. 720 మార్కుల పరీక్షలో కొన్ని మార్కులు తగ్గిన పిల్లను జీవితాంతం తగ్గినదానిలా చూస్తాము. ఆ చూపు పడ్డ పిల్లలు కోర్సును ఇష్టంతో ఎంచుకోలేరు. ఎంబీబీఎస్‌కు దగ్గరగా వినిపించే పేరు వెతుక్కుంటారు. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చన్న ఒక్క ఆశతో ఆరేళ్ల ఫార్మ్ డీలో చేరేవారు ఎందరో. 2008లో వచ్చిన ఆ కోర్సు మంచిది. రోగి మందుల చీటీలో ఒకదానికొకటి పడని మందులను పట్టుకునే చదువు అది. కానీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ చదువుకు తగిన పోస్టులు అరుదు. మందుల మీద ఆసక్తితో చేరినవారు ఆ కొరతను తట్టుకుంటారు. బిరుదు కోసం చేరినవారు నాలుగో ఏడాదికే నీరసపడతారు.

ఎంచుకునే ముందు ఒక్క పూట ఆ పని జరిగేచోట కూర్చోండి. తెలిసినవారి ద్వారా గుంటూరు కొత్తపేటలో ఒక ఫిజియోథెరపీ గదిలో మా అమ్మాయిని ఒక ఉదయం కూర్చోబెట్టాము. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ముందు చెక్క పలక ఉంది, దానికి రంధ్రాలు, వాటిలో దూర్చడానికి చిన్న చెక్క మేకులు. కుడిచేత్తో ఒక మేకు తీసి రంధ్రంలో పెట్టాలి. వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. ఫిజియోథెరపిస్ట్ ఆయన మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి, “తాతయ్యా, తొందర లేదు, బొటనవేలు ఒక్కటి తెరవండి చాలు” అంటున్నారు. నలభై నిమిషాల్లో మూడు మేకులు పడ్డాయి. నాలుగోది జారి కింద పడితే పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ మేకు తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టారు. మా అమ్మాయి ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర, “బాబాయ్, నాకు అంత ఓపిక ఉంటుందా?” అని అడిగింది. అన్ని కాలేజీలు తిరిగినా ఒక్క బ్రోచర్ చదివి కూడా ఆమె ఈ ప్రశ్న అడగలేదు.

ప్రభుత్వానికీ, విశ్వవిద్యాలయానికీ నేను చెప్పదలచింది ఒకటుంది. 1986లో మన విజయవాడలోనే వైద్య చదువులన్నిటికీ ప్రత్యేకంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం స్థాపించుకున్నాము. మధ్యలో వచ్చే విద్యార్థుల కోసం ఒక స్పష్టమైన విధానం రూపొందించడానికి అంతకంటే తగిన చోటు లేదు. ఇంగ్లిషు, కంప్యూటర్ పరిజ్ఞానం, పర్యావరణం వంటి పాఠాలను గుర్తింపు ఉన్న డిగ్రీలో ఒకసారి ఉత్తీర్ణులైనవారు మళ్లీ ఎందుకు రాయాలి? బయోకెమిస్ట్రీలో ఒక అర్హత పరీక్ష పెట్టి, నెగ్గినవారికి ఆ గంటలను అదనపు వార్డు పనికి ఎందుకు మళ్లించకూడదు? మినహాయింపులు మొదలైతే దొడ్డిదారులు తెరుచుకుంటాయని మండలులు భయపడతాయి, ఆ భయంలో న్యాయముంది. అందుకే ఆసుపత్రిలో గడపవలసిన గంటల్లో ఒక్కటీ తగ్గించమని అడగడం లేదు. పాఠ్యప్రణాళికలు ఒక్కటైన వృత్తుల్లో సిలబస్ తేడాలన్న పాత సాకు కూడా బలహీనపడుతోంది. ఈ మినహాయింపులకు మండలుల అనుమతి కావాలి, నిజమే, కానీ ప్రతిపాదన పంపవలసింది ఇక్కడినుంచే కదా. ఆ లోపు కనీసం ప్రతి కాలేజీ తన విద్యార్థులు ఈ నెలలో ఏ ఆసుపత్రిలో, ఏ వార్డులో ఉన్నారో వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశిస్తే చాలు. ఆగస్టులో ఫైళ్లు పట్టుకుని తిరిగే తండ్రులకు దానికి మించిన సహాయం ఉండదు.

మా అమ్మాయి ఫిజియోథెరపీలో చేరింది. ఇంటర్‌లో ఆమెతో చదివినవాళ్లు డిగ్రీ మూడో సంవత్సరానికి వచ్చారు, ఆమె మొదటి సంవత్సరం. అన్నయ్య ఇంకా అప్పుడప్పుడు వేళ్ల మీద ఏళ్లు లెక్కపెడుతూనే ఉంటాడు. మొన్న ఆదివారం ఆమె ఇంటికి వచ్చి, మా అమ్మ మోకాలు రెండు చేతులతో పట్టుకుని, చిప్ప ఎటు కదులుతోందో, ఎక్కడ కలుక్కుమంటోందో అడుగుతూ చాలాసేపు నేల మీదే కూర్చుంది. ఇంకా ఏమీ నేర్పలేదు, ఎముకల దగ్గరే ఉన్నామంది. మా అమ్మ మాత్రం రెండో కాలు కూడా చాచింది.