ఒకే వ్యాపారానికి రెండు యాప్‌లు ఎందుకు?

రెండు మూడు జిల్లాలకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్, నాలుగు బ్రాంచీలున్న డయాగ్నస్టిక్ సెంటర్, ఒక డెయిరీ, ఒక కోచింగ్ సెంటర్. వీళ్లలో ఎవరు యాప్ చేయించుకుందామని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ గడప తొక్కినా మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్ భాషలో ఒకటి, ఐఫోన్‌కు స్విఫ్ట్ భాషలో ఇంకొకటి విడివిడిగా, అంటే నేటివ్‌గా, రాయించుకోవాలా? లేక ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ లాంటి ఒక ఫ్రేమ్‌వర్క్‌లో (యాప్ కట్టుకునే రెడీమేడ్ చట్రంలో) ఒక్కసారి రాయించి రెండు ఫోన్లలోనూ నడుపుకోవాలా? ఆర్డర్లు తీసుకునే, బిల్లులు చూపించే, అపాయింట్‌మెంట్లు ఇచ్చే యాప్ అయితే రెండోదే సరైన దారి. ఇందులో తటపటాయించాల్సింది ఏమీ మిగల్లేదు.

ఖర్చు తగ్గుతుందన్నది అందరూ చెప్పేదే. సగానికి సగం తగ్గుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. సర్వర్ పని, డిజైన్, టెస్టింగ్ ఎలాగూ తప్పవు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఖర్చు గురించి కాదు. ఒకే నిబంధనను ఇద్దరు మనుషులు రెండు భాషల్లో రాస్తే, ఏదో ఒక రోజు అది రెండు నిబంధనలవుతుంది. వ్యాపారం దెబ్బతినేది అక్కడ.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌మన్ వాడే ఆర్డర్ యాప్ సంగతే చూడండి. 999 రూపాయల సరుకు మీద 10 శాతం డిస్కౌంట్ ఇస్తే 899.10 అవుతుంది. దాని మీద 5 శాతం జీఎస్టీ వేస్తే 44.955 వస్తుంది. ఆండ్రాయిడ్ యాప్ రాసిన కుర్రాడు చివరి అంకెను పైకి సవరించాడు, 44.96. ఐఫోన్ యాప్ రాసిన అమ్మాయి ఆ అంకెను వదిలేసింది, 44.95. ఒక్క పైసా తేడా. ఇద్దరిలో ఎవరూ తప్పు చేశామనుకోరు, ఎందుకంటే ఎలా సవరించాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నెలాఖరుకు వేల బిల్లుల్లో ఆ పైసలు పేరుకుంటే అకౌంటెంట్ తల పట్టుకుని కూర్చుంటాడు. ఇది పైసల దగ్గరే ఆగదు కూడా. పదికి ఒకటి ఫ్రీ అన్న స్కీమ్‌ను డిస్కౌంట్‌కు ముందు లెక్కేయాలా, తర్వాతా? పాత బాకీ ఉన్న షాపుకు ఆర్డర్ తీసుకోవాలా వద్దా? ఇలాంటివి ఒక్కో యాప్‌లో డజన్ల కొద్దీ ఉంటాయి. లెక్కలన్నీ సర్వర్‌లోనే వేయాలి కదా అంటారు. వీలున్నంతవరకు అలాగే చేయాలి. కానీ సిగ్నల్ లేని పల్లెలో కిరాణా షాపు ముందు నిలబడ్డ సేల్స్‌మన్‌కు లెక్క ఫోన్‌లోనే తేలాలి.

2025 సెప్టెంబర్ గుర్తు చేసుకోండి. 3వ తేదీన జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది, 22 నుంచి కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. స్నానపు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 శాతం నుంచి 5కు, వెన్న, నెయ్యి 12 నుంచి 5కు దిగాయి. మధ్యలో మూడు వారాలు కూడా లేవు. రేట్లను కోడ్‌లోనే రాసిపెట్టుకున్న యాప్‌లను ఆలోగా మార్చి, పరీక్షించి, ప్లే స్టోర్‌కూ యాప్ స్టోర్‌కూ పంపి, అనుమతి తెచ్చుకోవాలి. రెండు కోడ్‌లు ఉన్నచోట ఆ టెన్షన్ అంతా రెండుసార్లు. ఒకటి సమయానికి వచ్చి రెండోది రాకపోతే, ఒకే షాపుకు ఇద్దరు సేల్స్‌మన్లు రెండు ధరలు చెబుతారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కస్టమర్లలో అత్యధికులది ఆండ్రాయిడ్. యజమానిదీ, డాక్టర్లదీ, ఆడిటర్‌దీ ఐఫోన్. రెండు యాప్‌లు విడివిడిగా ఉంటే వాటిలో ఒకదాని మీద సవతి తల్లి ప్రేమే. కొత్త ఫీచర్ ముందు ఆండ్రాయిడ్‌లో వస్తుంది, ఐఫోన్‌కు వచ్చే నెల అంటారు, ఆ నెల రాదు. అప్పుడు యజమాని తన చేతిలో ఉన్నది చూసి నిర్ణయాలు తీసుకుంటాడు, కస్టమర్ వాడేది వేరే వస్తువు.

నేటివ్ పక్షాన ఉన్నవాళ్ల వాదనను కొట్టిపారేయను. భారీ గేమ్, కెమెరా మీదే ఆధారపడ్డ యాప్, బ్లూటూత్ పరికరాలతో నిత్యం మాట్లాడే యాప్ అయితే నేటివే మేలు. ఫ్లట్టర్ యాప్ సైజు నేటివ్ కంటే కొన్ని ఎంబీలు పెరుగుతుంది. బస గదులు బుక్ చేసే ఎయిర్‌బీఎన్‌బీ 2016లో రియాక్ట్ నేటివ్ ఎత్తుకుని 2018లో వదిలేసిన కథ కూడా తప్పకుండా వినిపిస్తుంది. అయితే ఎయిర్‌బీఎన్‌బీ అప్పటికే ఉన్న రెండు పెద్ద నేటివ్ యాప్‌లలోకి రియాక్ట్ నేటివ్‌ను చొప్పించింది. రెండు ఒకటి కాలేదు, మూడయ్యాయి. కొత్తగా మొదలుపెట్టే వ్యాపారానికి ఆ ఉదాహరణ వర్తించదు. ఆ తర్వాత 2020లో, ఆన్‌లైన్ దుకాణాలు పెట్టిచ్చే షాపిఫై ఇకపై తన కొత్త మొబైల్ యాప్‌లన్నీ రియాక్ట్ నేటివ్‌లోనే అని ప్రకటించింది, ఆ మాట మీదే నిలబడింది. గూగుల్ పేను ఫ్లట్టర్‌లో తిరగరాసినప్పుడు 17 లక్షల లైన్ల కోడ్ 11 లక్షలకు తగ్గిందని గూగుల్ చెప్పింది. ఫ్లట్టర్ గూగుల్‌దే, సొంత సరుకును మెచ్చుకోవడం సహజమే. కానీ డబ్బు చేతులు మారే యాప్‌ను, అదీ ఇంత పెద్ద యాప్‌ను, ఏ కంపెనీ అయినా ప్రచారం కోసం పణంగా పెట్టదు.

ఫ్రేమ్‌వర్క్ మూతపడితే ఎలా అన్న భయం మాత్రం న్యాయమైనదే. మైక్రోసాఫ్ట్ 2024 మే 1తో ఇలాంటిదే తన ఫ్రేమ్‌వర్క్ జామరిన్‌కు సపోర్ట్ ఆపేసింది, దాని మీద యాప్‌లు కట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. కానీ నేటివ్ శాశ్వతమని ఎవరు చెప్పారు? ఆపిల్ 2014లో పాత భాష ఆబ్జెక్టివ్-సీ పక్కన స్విఫ్ట్ తెచ్చింది, 2019లో స్క్రీన్లు రాయడానికి స్విఫ్ట్‌యూఐ తెచ్చింది. గూగుల్ 2017లో కోట్లిన్‌ను అక్కున చేర్చుకుంది, 2021లో కంపోజ్ అనే సాధనం వచ్చి స్క్రీన్లు రాసే పద్ధతే మారిపోయింది. పదేళ్ల కిందట జావాలో, ఆబ్జెక్టివ్-సీలో రాసిన యాప్‌ను ఇప్పుడు ఒక ఫ్రెషర్ చేతిలో పెట్టి చూడండి. తిరగరాత ఏ దారిలోనూ తప్పదు. నేటివ్‌లో అది రెండుసార్లు.

ఒకే కోడ్ రాయడం వల్ల ఇలా మిగిలిన సమయాన్ని ఎక్కడ పెట్టాలి? నాకైతే మొదట తెలుగు మీద పెట్టాలనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసిన బటన్‌లో 'రాష్ట్రం' అని రాస్తే కింది ఒత్తులు సగానికి తెగిపోవడం ఎన్ని యాప్‌లలో చూడలేదు! ఎత్తు కొంచెం పెంచితే సరిపోయే పని. రెండు యాప్‌లు ఉన్నచోట ఆ చిన్న పనికే ఇద్దరి దగ్గరా తీరిక ఉండదు, చివరికి తెలుగే ఎగిరిపోతుంది. ఒకే కోడ్ అయితే బటన్ రాసినచోట ఒక్కసారి సరిచేస్తే అన్ని స్క్రీన్లలోనూ కుదురుతుంది. రెండోది, పది వేల లోపు ఫోన్. ఆఫీసులో ఖరీదైన ఫోన్ మీద పరుగెత్తే యాప్ ఆ ఫోన్‌లో ఎలా కదులుతుందో డెవలపర్ తన కళ్లతో చూడాలి.

కానీ వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. ఇంత ఆలోచించి చేయించుకున్న యాప్ అసలు ఎవరిది? మన ఊళ్లలో చాలామంది యజమానులకు తమ యాప్ సోర్స్ కోడ్ ఎక్కడుందో తెలియదు. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టే ప్లే కన్సోల్ ఖాతా, యాప్ చేసిపెట్టిన సంస్థ పేరు మీద, ఆపిల్ ఖాతా ఆ సంస్థలో ఎప్పుడో మానేసిన ఉద్యోగి ఈమెయిల్ మీద. దుకాణం అద్దె అగ్రిమెంట్‌లో ప్రతి అక్షరం చదివే మనిషి, లక్షలు పోసిన యాప్ విషయంలో నోటిమాటతో సరిపెట్టుకుంటాడు. ఆ సంస్థతో మాట తేడా వస్తే కొత్త వెర్షన్ ఆగిపోతుంది. ఇక్కడ కూడా ఒకే కోడ్ యజమాని పక్షానే ఉంది. రెండు కోడ్‌లు అప్పగించుకోవాలంటే రెండు రకాల నిపుణులను వెతకాలి, వాళ్లకు జీతాలివ్వాలి. ఒక్క ఫ్లట్టర్ కోడ్ అయితే ఇంకో ఊళ్లో ఇంకో సంస్థ దాన్ని తెరిచి, చదివి, పని అందుకోగలదు. చిన్న వ్యాపారికి బేరమాడే బలం అక్కడే వస్తుంది.

అందుకే టెక్నాలజీ సంగతి తేలగానే ఖాతాల సంగతి తేల్చుకోండి. గూగుల్‌కు ఒకేసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు. రెండూ మీ సంస్థ పేరు మీదే తెరవండి. సంస్థ ఖాతాకు డన్స్ నంబర్ (కంపెనీలను గుర్తించే నంబర్) అడుగుతారు, అది చేతికి రావడానికి రోజులు పడుతుంది. తొందరపడి ఎవరో ఒకరి వ్యక్తిగత ఖాతాలో పెట్టేద్దామనుకుంటే, 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ పెట్టిన షరతు అడ్డుపడుతుంది. కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు పరీక్షించాకే యాప్‌ను అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు చేసుకోనిస్తారు. కోడ్ ఉంచే రిపాజిటరీ కూడా మొదటి రోజు నుంచే మీ ఖాతాలో ఉండాలని, ప్రతి వాయిదా డబ్బు ఆ తేదీ వరకు రాసిన కోడ్ అందులో చేరాకే చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి. దీనికి ఒప్పుకోని సంస్థకు, అది ఎంత తక్కువ రేటు చెప్పినా, పని ఇవ్వకండి.